దూరదర్శిని కంటే ముందు నోటుపుస్తకం

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువానికి చేరువలో దిగినప్పుడు ఎన్నో బడులలో పిల్లలు టెలివిజన్ ముందు కూర్చొని చప్పట్లు కొట్టారు. ఆ ఉత్సాహంలోనే నేనెరిగిన ఒక పాఠశాలలో తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు మాస్టార్ల వెంటపడి ఖగోళ సంఘం పెట్టించాడు. అందరూ చందాలు వేసుకొని ఒక దూరదర్శినిని కొన్నారు. మొదటి రాత్రి చంద్రుని మీది గుంటలు చూడడానికి పిల్లలతో పాటు వారి తల్లిదండ్రులు కూడా బారులు తీరారు. నెల తిరిగేసరికి ఆ దూరదర్శిని బీరువాలోకి చేరింది. అద్దం పగిలితే జవాబు చెప్పుకోవలసింది తామేనని పెద్దల భయం. వారిని తప్పు పట్టలేం. కాని ఆ కుర్రవాడు ఇప్పుడు ఆకాశం మాట ఎత్తడం లేదు. నన్ను బాధపెట్టేది అదే.

పొరపాటు బీరువాకు తాళం వేయడానికి ముందే జరిగిందని నా అభిప్రాయం. ఖగోళ సంఘం మొదట కొనవలసింది నోటుపుస్తకం. దూరదర్శిని రెండేళ్ల తరువాత వచ్చినా ఆలస్యమేమీ కాదు.

ఒడిశాలో చదువుతున్న మీకు పఠాణి సామంత పేరు తెలిసే ఉంటుంది. ఆయన అసలు పేరు సామంత చంద్రశేఖరుడు. 1835లో ఖండపడాలో పుట్టాడు. వెదురుతో, కొయ్యతో తానే కొలత సాధనాలు చేసుకొని, దూరదర్శిని లేకుండానే ఏళ్ల తరబడి గ్రహాల గమనాన్ని కొలిచాడు. పాత గ్రంథాల లెక్కలు తన కంటికి కనిపించినదానితో సరిపోకపోతే ఆ లెక్కలను సవరించాడు. అలా తయారైన ‘సిద్ధాంత దర్పణం’ 1899లో అచ్చయింది. ఆయన కొయ్య సాధనాలను ఈనాడు ఎవరైనా చేసుకోవచ్చు. ప్రతి రాత్రీ చూసి రాసుకొనే ఓపిక మాత్రం అంత సులభంగా దొరకదు.

పెద్ద శాస్త్రవేత్తలందరూ పెద్ద దూరదర్శినులతోనే పనిచేశారు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. తమిళనాడులో జవ్వాది కొండల మీద కావలూరు వేధశాల ఉంది. అక్కడి దూరదర్శిని అద్దం అడ్డుకొలత 2.34 మీటర్లు. ఆ వేధశాలకు వైను బప్పు పేరు పెట్టారు. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసేవారు. బప్పు చిన్నతనమంతా ఆ నగరంలోనే గడిచింది. ఇంట్లోనే ఖగోళశాస్త్రం ఉన్న ఆ అదృష్టం అందరికీ ఉండదు. మనకు ఉన్నది ఆటస్థలం, దాని మీద ఆకాశం. వాటితో ఏం చేయవచ్చో చూద్దాం.

చేయి చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు పది డిగ్రీలను కప్పుతుంది. ధ్రువ నక్షత్రం క్షితిజానికి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉంటుందో మీ ఊరి అక్షాంశం దాదాపు అంతే. బెంగుళూరులో అది ఒక పిడికిలి కంటే కొంచెం ఎక్కువ, ముంబయిలో సుమారు రెండు పిడికిళ్లు. ఈ కొలతకు కానీ ఖర్చు లేదు.

పగటి పూట నీడ ఉండనే ఉంది. మీటరు పొడవు కర్రను చదునైన చోట పాతండి. దారానికి రాయి కట్టి, కర్ర నిటారుగా ఉందో లేదో సరిచూసుకోండి. సూర్యుని వైపు చూడనక్కరలేదు, చూడకూడదు కూడా. సెప్టెంబరు 22, 23 తేదీలలో మధ్యాహ్నం అతి చిన్న నీడ బెంగుళూరులో సుమారు 23 సెంటీమీటర్లు, ముంబయిలో సుమారు 35 సెంటీమీటర్లు ఉంటుంది. ఈ తేడాకు కారణం భూమి గుండ్రంగా ఉండడమే. రెండు నీడల నుంచి కోణాలు లెక్కకడితే ఆరు డిగ్రీల భేదం వస్తుంది. ఈ రెండు నగరాల మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 675 కిలోమీటర్లు. ఆరు డిగ్రీలంటే వృత్తంలో అరవయ్యో వంతు. 675ను 60తో హెచ్చించి చూడండి, భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లకు దగ్గరగా వస్తుంది. (ఆ రోజు మబ్బు పట్టవచ్చు. అలాంటప్పుడు “మబ్బు” అని రాసుకోండి. ఖాళీగా మాత్రం వదలకండి.)

అతి చిన్న నీడ పడిన వేళను కూడా రాసుకోవాలి. మన గడియారాలన్నీ 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. యానాం దాదాపు ఆ రేఖ మీదనే ఉంది. అందుచేత యానాంలో సూర్యుడు నడినెత్తి గీతను దాటిన 37 నిమిషాలకు గాని ముంబయిలో దాటడు.

ఈ లెక్కలు ఒక్క ఊరి పిల్లలతో తేలేవి కావు. ఇక్కడే మనకొక సౌకర్యం ఉంది. యానాంలో, బరంపురంలో, హోసూరులో, బళ్లారిలో, ముంబయిలో తెలుగు చదివే పిల్లలున్నారు. ఒకరి లిపి ఒకరికి తెలుసు. మాటలలో యాస వేరు కావచ్చు, “నీడ 23 సెంటీమీటర్లు” అని రాస్తే అందరికీ ఒకటే అర్థం. తెల్లవారుజామున వేగుచుక్కను చూపించి పొద్దు చెప్పే అమ్మమ్మలు, తాతయ్యలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. వారిని అడిగి చుక్కల పేర్లు కూడా ఆ పుస్తకంలో చేర్చండి.

బీరువాలోని దూరదర్శిని ఎక్కడికీ పోదు. మొదటి ఉత్తరం ఎవరు రాస్తారన్నదే ప్రశ్న. అందులో ఊరి పేరు, తేదీ, కర్ర పొడవు, నీడ పొడవు, నీడ పడిన వేళ ఉంటే చాలు.