మంచెకు చోటు విడువవలయును

పొలమంతయు విత్తి, మంచెకు జానెడు చోటైన విడువని రైతు తన పంటను పిట్టల పాలు చేసికొనును. కంప్యూటరు డిస్కు విషయమునను ఈ న్యాయమే చెల్లునని మా అభిప్రాయము.

మనము దాచుకొను ప్రతి ఫైలుతోపాటు, దానిని ఎవరు చదువవచ్చునో, ఎవరు మార్చవచ్చునో తెలుపు వివరములును డిస్కుపై వ్రాయబడును. సామాన్యపు అనుమతులు ‘ఐనోడ్’ అను చిన్న నమోదులోనే ఇముడును. 2003లో లినక్స్ 2.6 కెర్నెల్‌తో వచ్చిన ఎస్.ఇ. లినక్స్ అను ఏర్పాటు వీనికి తోడుగా ప్రతి ఫైలునకు ఒక భద్రతాముద్రను తగిలించును. ఆ ముద్రకును తావు కావలయును గదా! పూర్వపు ఇ.ఎక్స్.టి.3 పద్ధతిలో ఐనోడ్ సాధారణముగా 128 బైట్లే యగుటచే ముద్రకొఱకు వేఱొక బ్లాకు అవసరమయ్యెడిది. ఇ.ఎక్స్.టి.4 లో అది సాధారణముగా 256 బైట్లు. చిన్న ముద్ర అందే ఒదుగును. పెద్దదైనచో మరల బ్లాకు కావలసినదే.

డిస్కు నిండినపుడు ఫైలునకు ఐనోడ్ దొరకి, ముద్రకు మాత్రము చోటు దొరకకపోవచ్చును. అపుడేమి చేయుట? ఇ.ఎక్స్.టి.4 ఆ క్రొత్త ఫైలును పుట్టనీయక, చోటు లేదని స్పష్టముగా చెప్పును. వ్రాసినది భద్రపఱుపబడలేదని వాడుకరికి కష్టము తోచుట నిజమే. కాని తెలిసిన కష్టమునకు మందు కలదు: పనికిరాని ఫైళ్లను తొలగించి మరల ప్రయత్నింపవచ్చును. తెలియని లోపమునకు మందెక్కడిది? కావున కావలి లేని ఫైలుకంటె ఫైలు లేకుండుటయే మేలని మేము తలచుచున్నాము.

నకలు తీయునపుడు ఈ జాగ్రత్త సడలుచున్నది. గ్నూ వారి ‘సీపీ’ ఆజ్ఞను ‘ఏ’ అను సూచికతో వాడినచో, ముద్ర నకలు కాకపోయినను అది ఒక్క మాటైన చెప్పక పని ముగించును. ఈ మౌనమును మేము మెచ్చజాలము.

ఇ.ఎక్స్.టి. పద్ధతులలో నూటికి 5 బ్లాకులు ‘రూట్’ అను అధికారి కొఱకు ముందే ప్రత్యేకింపబడుట వాడుక. అధికారికి చోటుంచిన బుద్ధి కావలివానికిని చోటుంచుట ఉచితము కాదా?

విద్యార్థులారా! మార్కుల పట్టికలు, ఇంటి దస్తావేజులు నేడు డిస్కులలోనే యున్నవి. డిస్కును అంచువఱకు నింపకుడు. చోటు లేదను హెచ్చరికను తేలికగా త్రోసిపుచ్చకుడు. నకలు తీసిన పిమ్మట అక్షరములు వచ్చినవని మాత్రమే సంతసింపక, అనుమతులును వచ్చినవో లేదో పరీక్షింపుడు. పెద్దలును ఈ అలవాటును ఇంట నేర్పింతురుగాక.