ఒక పొలమునకు ఒకే లెక్క

కణేకల్ రైతు సోదరులకు కరువును గురించి క్రొత్తగా చెప్పవలసినది లేదు. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతము సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు అదనుకు పడదు. తుంగభద్ర ఎగువ కాలువ క్రిందను, చెరువు క్రిందను వరి పండును. మెట్టపొలములోని వేరుశనగ వానను నమ్ముకొనియున్నది. కావున పంటల బీమా అవసరమా, కాదా అనునది ఇచట ప్రశ్న కాదు. బీమాకు ఆధారమైన లెక్కలు ఎవరివద్ద నున్నవి, అవి ఒకదానితో నొకటి సరిపోవుచున్నవా అనునదే ప్రశ్న.

మన పొరుగుననున్న మైసూరు సంస్థానమునకు చెందిన జె. ఎస్. చక్రవర్తి 1920లోనే వర్షపాతము ఆధారముగా బీమా నడుపవచ్చునని పుస్తకము వ్రాసెను. దానికి మూలము ఏండ్ల తరబడి వ్రాసియుంచిన వాన లెక్కలే. నేటికిని బీమాకు లెక్కయే పునాది.

కాని ఆ లెక్క చెదరియున్నది. భూమి హక్కు రెవిన్యూవారి అడంగలులో నుండును. వేసిన పంట ఈ-పంట నమోదులో నుండును. అప్పు బ్యాంకు ఖాతాలోను, దిగుబడి పంటకోత ప్రయోగములోను, పరిహారపు లెక్క బీమా కంపెనీవద్దను ఉండును. ఒక రైతు నాలుగెకరములు వేరుశనగ వేసెననుకొనుడు. బ్యాంకులో వేరొక పంట, అడంగలులో వేరొకరి పేరు ఉన్నచో, ఆ తేడా పరిహారమునకు వచ్చినపుడే బయటపడును. అప్పటికి పొలము ఖాళీ. పైరు నిలిచియుండగా ఒక్క పూటలో దిద్దగల తప్పును, కోత ముగిసిన పిమ్మట ఋజువు చేయుట ఎవరితరము? ఇందు ఎక్కువగా నష్టపోవువాడు కౌలురైతు. 2019 సంవత్సరపు పంట సాగుదారు హక్కుల చట్టము క్రింద పదకొండు నెలల పత్రము పొందినను, అది మిగిలిన లెక్కలకు ఎక్కనిదే ప్రయోజనము కొరవడును.

కనుక నా అభిప్రాయమిది. ఈ శాఖలన్నియు సర్వేనంబరు వారీగా తమ లెక్కలను పైరు కాలములోనే సరిచూచుకొనవలెను. పరిహారము అందినవారి జాబితాతోపాటు, అందని పొలముల సర్వేనంబర్లు, అందకపోవుటకు కారణములు గ్రామమునకు తిరిగి రావలెను. ఏ గ్రామములో ఏటేట ఏ దశలో పంట ఎండుచున్నదో ఆ లెక్కయే చెప్పును. అది చేతనున్నచో కొర్ర, ఉలవ వంటి ప్రత్యామ్నాయ పంటల విత్తనము ఎచటికి ముందు పంపవలెనో వ్యవసాయశాఖకు తెలియును. నేడది చెల్లింపుల లెక్కగా మాత్రమే మిగిలిపోవుచున్నది.

రైతు గుట్టు బయటపడునని కొందరు శంకింతురు. శంక న్యాయమైనదే. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, అప్పు మొత్తము ఎవరికిని చూపనక్కరలేదు. సర్వేనంబరు, పంట, విస్తీర్ణము, విత్తిన తేది చాలును.

రైతులును ఊరకుండరాదు. ఈ-పంట జాబితాను గ్రామములో ప్రదర్శించినపుడు మీ పొలము వివరములు స్వయముగా చూచుకొనుడు. తప్పున్నచో గడువులోపల వ్రాతమూలకముగా తెలిపి రసీదు పుచ్చుకొనుడు. ప్రధానమంత్రి ఫసల్ బీమా క్రింద వడగండ్లు, పొలము ముంపు వంటి నష్టమును 72 గంటలలోగా తెలుపవలెనని మరువవలదు. గ్రామోద్యోగులు ఆ అర్జీని తమ శాఖది కాదని త్రిప్పిపంపక, సంబంధించినవారికి తామే చేర్చవలెను. శాఖలు ఎన్నియైనను పొలము ఒక్కటే. దాని లెక్కయు ఒక్కటిగా నుండవలెను.