ప్రార్థన చేద్దాం, తోడుగా నడుద్దాం



మన సంఘంలో ఒక పెద్దాయన ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చారు. ఆయన కోసం మనమందరం ఉపవాసముండి ప్రార్థించాం. దేవుడు ఆలకించాడు. ఇప్పుడు పలకరించడానికి వెళ్లినవాళ్లంతా బ్రెడ్డు, బత్తాయిలు చేతిలో పెట్టి ఒకటే మాట చెప్పి వస్తున్నారు: "లేవకండి, కదలకండి, అంతా దేవుడే చూసుకుంటాడు." ఆసుపత్రివాళ్లు ఇచ్చిన మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం బీరువా మీదికి చేరింది. విశ్వాసం ఉన్నవాడికి ఆ బొమ్మ దేనికని ఒకరిద్దరు అన్నారట కూడా. ఈ మాటను మనం వాక్యం దగ్గర పెట్టి చూడాలి.

హిజ్కియా చావుబతుకుల్లో ఉన్నప్పుడు దేవుడు ఆయనకు 15 ఏళ్ల ఆయుష్షు పెంచుతానని మాటిచ్చాడు. అయినా అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వేయమని యెషయా చెప్పాడు. రాజులు రెండవ గ్రంథం 20వ అధ్యాయంలో చదవండి. వాగ్దానం చెప్పిన నోటే వైద్యమూ చెప్పింది. లాజరును సమాధిలో నుంచి పిలిచింది ప్రభువే. కట్లు విప్పే పని మాత్రం పక్కనున్నవాళ్లకు అప్పగించాడు. ఇప్పుడు ఆ పని మనది.

కుడి ఊపిరితిత్తిలో మూడు భాగాలు, ఎడమదానిలో రెండు ఉంటాయి. జబ్బు ఉన్న భాగం తీసేశాక మిగిలినవి బాగా విచ్చుకుని ఆ పని అందుకోవాలి. కానీ కోత నొప్పికి మనిషి పైపైనే ఊపిరి తీస్తాడు, దగ్గడానికి భయపడతాడు. అడుగు భాగానికి గాలి చేరక అది ముడుచుకుపోతుంది. కఫం పేరుకుని నిమ్ము చేస్తుంది. రోజంతా మంచం మీద ఉంచితే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

ఆ బంతుల పరికరం ఊదేది కాదు, నోటితో నిదానంగా పీల్చేది. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు చేయమని సాధారణంగా చెబుతారు. ఫిజియోథెరపిస్టు ఎన్నిసార్లు చెబితే అన్నిసార్లే చేయాలి. దగ్గేటప్పుడు కోత మీద దిండు అదిమి పట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. ఆయాసం వస్తే ముక్కుతో పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా వదలాలి. ఆపరేషన్ అయిన వైపు భుజం పట్టేయకుండా చెయ్యి పైకెత్తుతూ ఉండాలి. నడక రోజుకు కొంచెం పెంచాలి. నడుస్తూ మాట్లాడగలిగితే సరిపోయినట్టే, మాట రాకపోతే ఆగి కూర్చోవాలి. ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో నొప్పి, జ్వరం, దగ్గులో రక్తం, కోత దగ్గర చీము, కాలి పిక్క వాపు కనిపిస్తే ప్రార్థన చేస్తూనే వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి.

మట్టితో చేసిన మనిషి ముక్కులో ఊపిరి ఊదింది దేవుడే కదా. ఆయన ఇచ్చిన ఊపిరిని శ్రద్ధగా పీల్చుకోవడం అవిశ్వాసం ఎలా అవుతుంది?

కాబట్టి మా మనవి ఇది. పలకరించడానికి వెళ్లేవాళ్లు పావుగంట కూర్చుని, ఆయన్ని లేపి వీధి చివరిదాకా తోడుగా నడవండి. యవ్వనస్థులు రోజుకు ఇద్దరు చొప్పున సాయంత్రాలు పంచుకోండి. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు ఇంటి నుంచే ప్రార్థించండి. ఆ ఇంటి అరుగు మీద చుట్ట, బీడీ వెలిగించవద్దు. వీలైతే మీ ఇంట్లోనూ మానేయండి. కట్టెల పొయ్యి పొగ, దోమల చుట్ట పొగ ఆయన గదిలోకి రానివ్వవద్దు. ఇంటివాళ్లు ఆ పరికరాన్ని కిందికి దించి, బైబిలు పక్కనే, ఆయన చేతికి అందేచోట పెట్టండి.

మనకు ఊపిరినిచ్చిన దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.