ప్రయోగశాలయందలి సహకారము

మన పాఠశాల విడిచి కళాశాలలో రసాయనశాస్త్రము చదువబోవు విద్యార్థులు అచ్చటి ప్రయోగశాలలో తరచుగా ఇద్దరిద్దరుగా పని చేయవలసియుండును. బల్లయొద్ద ఇద్దరు నిలుతురు. వారికి ఒక బ్యూరెట్టును, ఒక పిపెట్టును, ఒక కుప్పెయు నియ్యబడును. పరికరములు చాలకపోవుటచేతనే ఈ యేర్పాటు పుట్టినదని పలువురు తలంతురు. అది కొంతవరకు నిజమే. అయినను పరికరములు సమృద్ధిగా నున్నచోటను ఇద్దరు కలిసి చేయుటయే మేలని నా యభిప్రాయము. అయితే ఆ కలయిక యెట్టిదై యుండవలెనో విచారింపవలసియున్నది.

సాధారణముగా జరుగునదేమి? చేతి చురుకుదనము గలవాడు బ్యూరెట్టు పట్టును. చక్కని దస్తూరి గలవాడు పుస్తకము పట్టును. సంవత్సరము ముగియువరకు వారి పనులు మారవు. పని త్వరగా తెమలును. పుస్తకము చూడ ముచ్చటగా నుండును. కాని పరీక్షదినమున ఒంటరిగా నిలువవలసివచ్చినప్పుడు వ్రాతగాని చేయి వడకును. చేతిపనివాడు లెక్క కట్టలేక దిక్కులు చూచును. ఇది పని పంచుకొనుటయే గాని కలిసి నేర్చుకొనుట కాదు. నలుగురిలో నోరు తెరువ జంకు పిల్లలు ఈ యేర్పాటులో ఎల్లప్పుడును వ్రాతకే మిగిలిపోవుట మరింత విచారకరము.

దీనికంటె గొప్ప కీడు మరియొకటి కలదు. సోడియం కార్బొనేటు ద్రావణమును హైడ్రోక్లోరిక్ ఆమ్లముతో అంశమాపనము చేయునప్పుడు, మిథైల్ ఆరెంజి సూచిక పసుపువన్నె విడిచి ఎర్రవారు క్షణమును కనిపెట్టవలెను. ఒక చుక్క అధికమగుట సులభము. బ్యూరెట్టులోని ద్రవపు వంపునకు కన్ను సమమట్టమున లేనిచో చదివిన అంకెయు మారును. కావున ఒకనికి 19.8 అనియు, రెండవవానికి 20.1 అనియు వచ్చుట వింత కాదు. అప్పుడు అనేకులు ఒక అంకెను దిద్ది రెండవదానితో సరిపెట్టుదురు. అంకెలు కలియును, సత్యము తొలగును. “నీవెట్లు చూచితివి? నా కన్ను ఎచ్చట నుండెను? మరల చేయుదము” అని యడుగువాడే నిజమైన జతగాడు. ఆ యడుగుటలోనే విద్య గలదు.

భేదమును దాచక ఇతరులయెదుట నుంచుటవలన నెంత మేలు కలుగునో ఆర్గాన్ వాయువు చరిత్ర తెలుపుచున్నది. గాలినుండి తీసిన నత్రజని, రసాయనద్రవ్యములనుండి తీసిన నత్రజనికంటె కొంచెము బరువుగా నుండుట రేలీ ప్రభువు కనిపెట్టెను. ఆ భేదము నూటికి అరపాలు మాత్రమే. అయినను ఆయన దానిని లెక్కచేయక విడిచిపెట్టలేదు; 1892లో ‘నేచర్’ పత్రికకు జాబు వ్రాసి రసాయనజ్ఞుల సలహా వేడెను. పిమ్మట విలియం రామ్సే ఈ విషయమున పూనుకొనెను. ఇరువురును వేర్వేరు మార్గముల పరిశోధించి, తమకు దోచినది జాబులమూలమున ఒకరికొకరు తెలుపుకొనుచు, 1894లో ఆ క్రొత్త వాయువును లోకమునకు ప్రకటించిరి. 1904లో రేలీకి భౌతికశాస్త్రమునందును, రామ్సేకు రసాయనశాస్త్రమునందును నోబెల్ బహుమానములు లభించెను.

జతపనిలో సోమరి చురుకైనవాని వీపెక్కునని కొందరు ఆక్షేపింతురు. ఆక్షేపణ న్యాయమైనదే, అయితే దానికి మందు లేకపోలేదు. అమెరికాలో 1994లో కళాశాలల రసాయనశాస్త్ర శాఖలయందు ఆరంభమై, ‘పోగిల్’ అను పేర వ్యాపించిన బోధనాపద్ధతిలో, విద్యార్థులు చిన్న జట్టులుగా గూడి నిర్వాహకుడు, లేఖరి, వక్త మొదలగు పనులను వంతులవారీగా మార్చుకొందురు. మనవారును ఈ నియమమును ఏ ఖర్చును లేక అవలంబింపవచ్చును. ఒక్కొక్క అంశమాపనమునకు చేతులు మారవలెను. ఇద్దరును ముందుగా ఎవరి అంకెను వారు సిరాతో వ్రాసికొని, పిదప పోల్చుకొనవలెను. వ్రాసినదానిని చెరుపరాదు. ఉపాధ్యాయుడు ఇద్దరిలో ఎవరినైనను పిలిచి ప్రశ్నింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, భేదము వచ్చినప్పుడు దాని కారణమును వెదకినవారికి మార్కులియ్యవలెను. పొందికైన అంకెలకు మాత్రమే మార్కులిచ్చు ఉపాధ్యాయుడు తనకు తెలియకయే అబద్ధమునకు బహుమానమిచ్చుచున్నాడు.

పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో పరుల బరువునకు భుజమొగ్గుమని చెప్పినవెంటనే, ఎవరి బరువు వారే మోయవలెననియు చెప్పియున్నాడు. పైకి ఇవి విరుద్ధములుగా దోచును గాని, ప్రయోగశాలలో ఈ రెండును ఒక్కటే. జతగానికి తోడుపడవలెను, అయితే వాని బదులు నేర్చుకొనరాదు, వాని కన్నులతో చూడరాదు. విద్యార్థులారా, జతగానిని ఎన్నుకొను అవకాశము కలిగినచో, మీ అంకెకు తల యూపువానిని గాక, మీ అంకెను మరల చూడుమనువానిని ఎన్నుకొనుడు. మీరును అట్టివారే కండు.