పక్క కుర్చీ

కొరియా కుర్రాళ్లు ఆన్‌లైన్ గేముల్లో ఎందుకంత ముందున్నారని అడిగితే చాలామంది ఠక్కున ఒక జవాబు చెప్పేస్తారు. వాళ్లది క్రమశిక్షణ, పదిమందితో కలిసి నడిచే స్వభావం. అమెరికావాడిది ఎవడి గోల వాడిది అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ‘జాతి స్వభావం’ అనే మాట లెక్క కుదరనప్పుడు చివర్లో కలిపే చిల్లర లాంటిదని నా అనుమానం. నేనైతే రెండే చూస్తాను: ఆడేవాడు ఎక్కడ కూర్చున్నాడు, డబ్బు దేనికి కట్టాడు.

అమెరికాలో గేము ఇంట్లో టీవీ పక్కన పెరిగింది. 1985లో జపాన్ కంపెనీ నింటెండో తన టీవీ గేము డబ్బాతో అక్కడికి వెళ్లాక అది షాపులో కొని తెచ్చుకునే వస్తువుగా స్థిరపడింది. నవలలా మొదలుపెట్టి, పూర్తిచేసి, అరలో పెట్టేస్తారు. కథకి ఒకడే హీరో, ఒక ముగింపు. కొరియాలో ఆ డబ్బా అంతగా వేళ్లూనుకోలేదు. జపాన్ వలస పాలన మిగిల్చిన చేదు వల్ల ఆ దేశపు సినిమాలు, పాటలు, గేముల మీద దశాబ్దాల పాటు ఆంక్షలుండేవి. 1998 నుంచి గానీ మెల్లగా సడలలేదు. నింటెండో మెషీన్‌ని హ్యుండాయ్ వాళ్లు ‘కంబాయ్’ అని పేరు మార్చి అమ్ముకోవాల్సి వచ్చింది. ప్లేస్టేషన్ 2 అక్కడ అధికారికంగా అడుగుపెట్టేసరికి 2002. ఆపాటికే కుర్రాళ్లు వేరే చోట కుదురుకున్నారు.

ఆ చోటు పేరు పీసీ బాంగ్. బాంగ్ అంటే గది, అంతే. 1997 చివర్లో ఆర్థిక సంక్షోభం వచ్చింది. కొరియావాళ్లు ఇప్పటికీ ఆ రోజుల్ని, అప్పిచ్చిన సంస్థ పేరు పెట్టి, ‘ఐఎంఎఫ్’ అనే పిలుస్తారు. ఉద్యోగాలు ఊడినవాళ్లలో కొందరు చేతికొచ్చిన డబ్బుతో వరసగా కంప్యూటర్లు పెట్టి గంటకింత అని అద్దెకిచ్చారు. సరిగ్గా 1998లోనే అమెరికా నుంచి స్టార్‌క్రాఫ్ట్ గేము దిగింది, సొంతగడ్డ మీద లినేజ్ అనే ఆన్‌లైన్ గేము మొదలైంది. ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ తీగలు లాగడంలో మునిగి ఉంది. ఇవన్నీ ఒకేసారి కలిసొచ్చాయి. స్వభావానికి ఇందులో ఎంత వాటా ఇవ్వాలో మీరే చెప్పండి.

బడి వదిలాక ఐదుగురు కలిసి వెళ్తారు, వరసగా ఐదు కుర్చీలు పడతారు. ఆకలేస్తే ఆడుతున్న తెర మీదే ఆర్డరు నొక్కితే పొగలు కక్కే రామ్యన్ నూడుల్స్ గిన్నె కీబోర్డు పక్కకి వస్తుంది. రాత్రి పదయితే పిల్లలు లేచి వెళ్లిపోవాలి, అది చట్టం. అన్నిటికన్నా ముఖ్యం, మధ్యలో గోడ ఉండదు. మీరు చేసిన తప్పు పక్క కుర్చీవాడు అక్కడికక్కడే చూస్తాడు, అక్కడికక్కడే తిడతాడు. అమెరికా పిల్లవాడు తన గదిలో తలుపేసుకుని, హెడ్‌సెట్ పెట్టుకుని, ముఖం తెలియనివాడి చేత తిట్లు తింటాడు. తిట్టు అదే కావచ్చు, కానీ పక్కనున్నవాడితో బయటికొచ్చాక బస్సెక్కాలి.

ఈ గది బలం అమెరికా కంపెనీలకీ తెలుసు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ 2011 డిసెంబరులో కొరియాకి వచ్చినప్పుడు, పీసీ బాంగ్‌లో లాగిన్ అయినవాడికి పాత్రలన్నీ తెరిచి ఇచ్చింది. ఇంట్లో కూర్చున్నవాడు ఒక్కొక్కటే సంపాదించుకోవాలి.

ఇక డబ్బు సంగతి. దొంగ కాపీలు రాజ్యమేలే దేశంలో డిస్కు అమ్మితే ఏం మిగులుతుంది? అందుకే అక్కడి కంపెనీలు సర్వరు చేతిలో పెట్టుకుని కాలాన్ని అమ్మాయి. తర్వాత నెక్సాన్ లాంటివి ఆట ఉచితమని చెప్పి అందులోని పాత్రలకి బట్టలూ కత్తులూ అమ్మాయి. పాశ్చాత్యులకి ఇది మింగుడు పడలేదు. 2006లో ఆబ్లివియన్ గేములో గుర్రానికి కవచం రెండున్నర డాలర్లంటే నవ్విపోయారు. 2017లో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 తెరిస్తే గానీ లోపలేముందో తెలియని లాటరీ పెట్టెలు తెస్తే నిప్పులు చెరిగారు. నవల కొన్నాక పదో అధ్యాయానికి మళ్లీ డబ్బడిగితే మండదా? కొరియావాడికి డబ్బు కట్టడం మీద అంత పేచీ లేదు, తూకంలో మోసం మీద ఉంది. మేపుల్‌స్టోరీ అనే తన గేములో లాటరీ అవకాశాల్ని చెప్పకుండా తగ్గించినందుకు 2024 జనవరిలో అక్కడి ప్రభుత్వ సంస్థ నెక్సాన్‌కి దాదాపు 1,160 కోట్ల వోన్ల జరిమానా వేసింది. ఆటగాళ్లు కోపమొస్తే చందాలేసుకుని, తెరలు బిగించిన ట్రక్కుల్ని కంపెనీ ఆఫీసు ముందు తిప్పుతారు. 2022లో గుర్రప్పందేల గేము మీద అలిగినవాళ్లు ఏకంగా గుర్రబ్బండినే పంపారు. నిరసనలో హాస్యం అంటే అదీ!

అక్కడి ఆటల్లో గంటల తరబడి ఒకే రాక్షసుల్ని చంపి బలం పెంచుకోవడానికి ఒక మాటుంది: నొగాడా. అసలర్థం కట్టుబడి కూలిపని. కూలి ఉన్నచోట జమీందారూ ఉంటాడు. లినేజ్ 2లో కోట గెలిచిన ముఠా సంత మీద పన్ను వేయొచ్చు, మంచి వేటస్థలాలు తమవేనని కాపలా పెట్టొచ్చు. 2004లో బార్ట్స్ అనే సర్వరులో సరిగ్గా ఇదే జరిగింది. ఒక ముఠా పన్ను పెంచింది, అడ్డొచ్చినవాళ్లని చంపింది. చిన్నవాళ్లు తిరగబడ్డారు. కబురు పాకి, ఇతర సర్వర్లవాళ్లు కూడా వచ్చి అక్కడ కొత్త పాత్రలు సృష్టించుకున్నారు. కవచాల్లేవు, ఒంటిమీద లోదుస్తులే. అందుకే వాళ్లని ‘లోదుస్తుల దండు’ అన్నారు. ఒక్కో వీరుడి మీద పదులకొద్దీ పడి, చచ్చి, మళ్లీ లేచి పడ్డారు. కోట దక్కింది. ఆ తర్వాత గెలిచినవాళ్లు పంపకాల దగ్గర కొట్టుకున్నారు. కథ చివరికి మన ఊళ్లకి బాగా తెలిసిన కథే అయింది. ఒకడే హీరో ఉన్న డిస్కులో ఇలాంటిది జరగదు, ఎంత డబ్బు పోసి తీసినా.

అంతా బాగుందని కాదు. 2005లో డేగూ నగరంలో ఒక యువకుడు పీసీ బాంగ్‌లో దాదాపు యాభై గంటలు ఆడి కుప్పకూలి చనిపోయాడు. పదహారేళ్లలోపువాళ్లు అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరు దాకా ఆడకూడదని 2011లో చట్టం తెచ్చారు. మరుసటేడే ఒక కుర్ర ప్రొఫెషనల్ ఆటగాడికి విదేశీ పోటీ మధ్యలోనే గడియారం పన్నెండు కొట్టింది. మిగతా పిల్లలు అమ్మానాన్నల గుర్తింపు నంబర్లతో లాగిన్ అవుతూ పోయారు. 2022 మొదటి రోజున ఆ చట్టం రద్దయింది. ఈలోగా పిల్లలు కంప్యూటరు వదిలి ఫోను పట్టుకున్నారు, చట్టం మాత్రం కంప్యూటరుకే కాపలా కాసింది.

మన పిల్లల ఫోన్లలోకి వచ్చిన పబ్జీ కూడా కొరియా కంపెనీదే. 2020 సెప్టెంబరులో మన దేశం దాని మొబైల్ గేముని నిషేధించింది. మరుసటేడు బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. మన ఇళ్లలోకి ఆ ఆట గది లేకుండా వచ్చింది. మంచం మీద దుప్పటి కింద, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో.

మనకీ గదులుండేవి. 2000 ప్రాంతాల్లో వీధి వీధికీ నెట్ సెంటర్, అదీ గంటల లెక్కనే. ఒక్కటే తేడా: కుర్చీకీ కుర్చీకీ మధ్య తల ఎత్తు ప్లైవుడ్ అడ్డం. పక్కవాడు ఏం చూస్తున్నాడో మనకి తెలియకూడదు, మనం ఏం చూస్తున్నామో వాడికి తెలియకూడదు. మా వీధిలోది ఇప్పుడు జిరాక్స్ షాపు. ఆ ప్లైవుడ్ ముక్కలకి అరలు కొట్టించి, వాటి మీద కాగితం కట్టలు పేర్చాడు ఓనరు.