ఆయాసం చాటున మతిమరుపు

ఊపిరితిత్తుల జబ్బుతో ఏళ్ల తరబడి బాధపడుతున్న పెద్దాయన్ని ఆసుపత్రికి తీసుకొచ్చిన ఇంటివాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: ‘చెప్పింది చెప్పినట్టు చెయ్యడండీ’. పొద్దున పీల్చాల్సిన మందు ఆయనకు మధ్యాహ్నం గుర్తొస్తుంది. ఒకసారి పీల్చి, పీల్చలేదనుకుని మళ్లీ పీలుస్తాడు. పింఛను డబ్బు రెండుసార్లు లెక్కపెట్టినా లెక్క తేలదు. దీన్ని ఇంట్లో వయసు ఖాతాలో, ఆసుపత్రిలో నిర్లక్ష్యం ఖాతాలో వేస్తున్నారు. చాలామంది విషయంలో ఈ రెండు తీర్పులూ తప్పే. డాక్టర్లు సీఓపీడీ అని పిలిచే దీర్ఘకాలిక శ్వాసవ్యాధి ఛాతీ దగ్గర ఆగదు. ఏకాగ్రతనూ, జ్ఞాపకాన్నీ, ఒక పని తర్వాత ఇంకోటి వరసలో చేసుకుపోయే నేర్పునూ అది దెబ్బతీస్తుంది.

ఈ సంగతి వైద్యశాస్త్రానికి కొత్తేమీ కాదు. రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయిన సీఓపీడీ రోగులకు రాత్రిళ్లు మాత్రమే ఆక్సిజన్ ఇస్తే చాలా, రోజంతా ఇవ్వాలా అన్నది తేల్చడానికి అమెరికా, కెనడాల్లోని ఆరు కేంద్రాల్లో 203 మందితో ఒక పెద్ద పరిశోధన చేశారు. రాత్రి మాత్రమే తీసుకున్నవారిలో మరణాలు దాదాపు రెట్టింపని 1980లో ఫలితం వచ్చింది. అదే రోగులకు జ్ఞాపకం, ఆలోచన, చురుకుదనం పరీక్షలూ పెట్టారు. 42 శాతం మందిలో మెదడు పనితీరు ఒక మోస్తరు నుంచి తీవ్రస్థాయి దాకా దెబ్బతిని ఉంది. పోల్చి చూడటానికి తీసుకున్న ఆరోగ్యవంతుల్లో అది 14 శాతమే. ఏడాది తర్వాత చూస్తే, రోజంతా ఆక్సిజన్ తీసుకున్నవారు ఆ పరీక్షల్లో మిగతావారికంటే మెరుగ్గా ఉన్నారు. మరణాల లెక్క ప్రపంచమంతటా చికిత్స పద్ధతిని మార్చింది. మెదడు లెక్క మాత్రం నిపుణుల పత్రికల్లోనే ఉండిపోయింది. నలభై ఏళ్లు దాటినా ఛాతీ జబ్బుల ఓపీలో ‘ఈమధ్య ఏమన్నా మరిచిపోతున్నారా?’ అన్న ప్రశ్న వినపడటం అరుదు.

శరీర బరువులో మెదడు వాటా రెండు శాతం. శరీరం ఖర్చుపెట్టే ఆక్సిజన్‌లో అది వాడుకునేది ఇరవై శాతం దాకా. సరఫరా తగ్గితే ముందుగా నలిగేవాటిలో కొత్త జ్ఞాపకాలను భద్రపరిచే భాగం ఒకటి. జబ్బు ముదిరినవాళ్లలో నిద్రలో ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది, బయటికి పోవాల్సిన కార్బన్ డయాక్సైడ్ రక్తంలో నిలవ ఉండిపోతుంది. పొద్దున్నే తలనొప్పి, మగత, తికమక అందుకే. అయితే తప్పంతా ఆక్సిజన్ మీదే వెయ్యలేం. ఆక్సిజన్ మరీ తగ్గనివారిలోనూ ఈ లోపం కనిపిస్తోంది. ఒంట్లో ఎప్పుడూ రగులుతుండే వాపు, పొగాకు పాడుచేసిన రక్తనాళాలు, నిద్రలేమి, గడప దాటలేని బతుకు తెచ్చే దిగులు, అన్నీ కలిసే పనిచేస్తాయి. 2012 నాటి ఒక కెనడా అధ్యయనంలో సీఓపీడీ ఉన్నవారిలో 36 శాతం మందికి స్వల్పస్థాయి మతిలోపం ఉంటే, జబ్బు లేనివారిలో అది 12 శాతం. ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేరి కోలుకున్నవారిని మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షించిన 2013 నాటి బ్రిటన్ అధ్యయనంలో, ఊపిరి కుదుటపడినా ఆలోచన వేగం తిరిగి రాలేదు. ఇలాంటివారందరూ చిత్తవైకల్యంలోకి జారిపోతారని కాదు. చాలామందిలో కనిపించేది అంతకన్నా చిన్న లోపం, కానీ వాళ్ల చికిత్సను పాడుచెయ్యడానికి అదే చాలు.

ఎందుకంటే ఈ జబ్బుకిచ్చే మందు మింగేసే మాత్ర కాదు, నేర్చుకుని చెయ్యాల్సిన పని. నొక్కితే మందు చిమ్మే ఇన్‌హేలర్‌నే తీసుకోండి. మూత తియ్యాలి, బాగా కుదపాలి, ఊపిరంతా వదిలెయ్యాలి, నోట్లో పెట్టుకుని పీల్చడం మొదలుపెట్టిన క్షణంలోనే నొక్కాలి, నెమ్మదిగా లోతుగా పీల్చాలి, పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. రెండోసారి పీల్చాలంటే కాసేపు ఆగి మళ్లీ మొదటి నుంచి. అందులో స్టెరాయిడ్ ఉంటే చివర్లో నోరు పుక్కిలించాలి. క్యాప్సూల్ వేసి తిప్పి పొడి పీల్చే పరికరానికైతే పద్ధతి తిరగబడుతుంది. అక్కడ నెమ్మదిగా పీలిస్తే పొడి లోపలికే వెళ్లదు, గట్టిగా ఒక్కసారిగా లాగాలి. చాలామంది చీటీల్లో ఈ రెండూ ఉంటాయి. దేనికి నెమ్మది, దేనికి జోరు అని గుర్తుపెట్టుకోవడమంటే సరిగ్గా ఈ జబ్బు దెబ్బకొట్టిన శక్తినే వాడమనడం. ఓపీలో ఒక్క నిమిషం చూపించి పంపేస్తాం. ఇంటికెళ్లేసరికి సగం మెట్లు మరుపున పడతాయి. మందు గొంతులోనే ఉండిపోతుంది, ఆయాసం తగ్గదు. తర్వాతిసారి డాక్టరు ‘మందు పనిచెయ్యడం లేదు’ అనుకుని మోతాదు పెంచుతాడు. ఈ పొరపాటుకు రోగి చెల్లించే మూల్యం చాలా ఎక్కువని నా అభిప్రాయం, నివారించడం తేలిక కాబట్టి మరీ బాధ.

ఇంట్లో ఆక్సిజన్ యంత్రం పెట్టుకున్నవారికి ప్రమాదం ఇంకో రూపంలో వస్తుంది. అది రోజుకు కనీసం పదిహేను గంటలు ఉండాలి. కాసేపు బాగుందనిపించి ముక్కు గొట్టం తీసేసినవాళ్లు మళ్లీ పెట్టుకోవడం మరిచిపోతారు. ఆయాసం చూడలేక ఇంటివాళ్లు మీట పెంచేస్తారు. కార్బన్ డయాక్సైడ్ నిలవయ్యే రోగికి అది మేలు చెయ్యకపోగా మగతలోకి నెడుతుంది. అందుకే అలాంటివారికి ఆక్సిజన్ స్థాయిని 88–92 శాతం మధ్య ఉంచమంటారు. కోవిడ్ కాలంలో 94 దాటాలని నేర్చుకున్న కుటుంబాలకు ఈ మాట ఎవరో ఒకరు విడమరిచి చెప్పాలి. అలవాటుగా చేతిలోకొచ్చిన బీడీ, పక్కనే ఆక్సిజన్ నడుస్తోందన్న సంగతి మరిచిపోయిన మనిషి, ఈ రెండూ కలిస్తే మంటలే.

మన దేశంలో 2016 నాటికి సీఓపీడీ ఉన్నవారు సుమారు ఐదున్నర కోట్లు. ఈ వ్యాధిభారంలో పొగాకు వాటా పావు వంతైతే, ఇంటి పొగ, బయటి గాలి కలిపి వాయు కాలుష్యం వాటా సగానికి పైనే. పేదిళ్లకు వంటగ్యాస్ ఇచ్చే దీపం పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది 1999లో, అలాంటిదే ఉజ్వల పథకాన్ని కేంద్రం ప్రారంభించింది 2016లో. అప్పటికే పాతికేళ్లూ ముప్పయ్యేళ్లూ కట్టెల పొయ్యి ఊదిన ఆడవాళ్లు ఇప్పుడు అరవై, డెబ్బై దాటారు. బీడీ ముట్టనివాళ్లకు ఊపిరితిత్తుల జబ్బేమిటని చాలా ఇళ్లలో నమ్మరు. ఇక వాళ్ల మరుపు ఎవరికి పట్టింది? మగవాడి తడబాటు డబ్బు లెక్కలో బయటపడుతుంది. ఆమెది కూరలో రెండోసారి పడిన ఉప్పులో కనిపించి, కసురుకోవడంతో ముగుస్తుంది.

మరుపు గురించి చెప్పడానికి కుటుంబాలు జంకడానికి ఇంకో కారణముంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రీ మానసిక ఆసుపత్రీ రెండూ ఉన్నాయి. మొదటి దానికి వెళ్లడానికి ఎవరూ సిగ్గుపడరు. రెండో దాని పేరెత్తితేనే ఊళ్లో ఏమనుకుంటారోనని భయం. కాబట్టి ఈ పరీక్ష ఛాతీ ఓపీలోనే జరగాలి, బీపీ చూసినంత మామూలుగా జరగాలి. సాధనాలు లేవనడానికీ వీల్లేదు. భారత వైద్య పరిశోధన మండలి మన భాషలకని తయారుచేయించిన జ్ఞాపకశక్తి పరీక్షల్లో తెలుగు కూడా ఉంది.

పల్లెల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపే సీబ్యాక్ పత్రం చూడండి. ఆయాసం ఉందా, వంటకు ఏం వాడతారు, పొగ దుమ్ముల్లో పనిచేస్తారా అన్న ప్రశ్నలు అందులో ఉన్నాయి. అరవై దాటినవారిని అయినవాళ్ల పేర్లు, ఇంటి చిరునామా మరిచిపోతున్నారా అని కూడా అడుగుతారు. రెండూ ఒకే పత్రంలో ఉన్నా, ఒకదానికి ఇంకోటి సంబంధమని చెప్పే గడి లేదు. పైగా ఇంటి చిరునామా మరిచిపోయే స్థితి వచ్చిందంటే అప్పటికే చాలా ఆలస్యమైనట్టు. ఆయాసం ఉందన్నవారిని ‘మీరు వాడే మందు పీల్చి చూపించండి’ అని అడిగితే అంతకన్నా ముందే తెలుస్తుంది. పీల్చే పద్ధతీ, మతి స్థితీ ఒక్క నిమిషంలో కళ్లెదుటే ఉంటాయి.

చీటీ రాసే చేతులు కూడా మారాలి. వీలైనంతవరకు ఒకే రకం పరికరం రాయాలి. చేతకానివారికి స్పేసర్ గొట్టమో నెబ్యులైజరో ఇవ్వాలి. నడక, కాళ్లూ చేతుల వ్యాయామంతో కూడిన పునరావాస శిక్షణ దమ్ముతో పాటు ఆలోచనకూ కొంత చురుకునిస్తుందని 1998లోనే ఒక అమెరికా అధ్యయనం చూపింది. మన జిల్లా ఆసుపత్రుల్లో దానికి ఒక గది, ఒక ఫిజియోథెరపిస్టు చాలు. అన్నిటికన్నా ముఖ్యంగా చీటీ మీద రోగి పేరు పక్కనే, మందు వేళకు చూసుకునే మనిషి పేరూ ఫోన్ నంబరూ రాయాలి, మందు వాడకం ఆ మనిషికి కూడా నేర్పాలి. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి ఇంట్లో ఒంటరిగా మిగిలినవారికి ఆ పేరు ఊళ్లోని ఆశా కార్యకర్తది కావాలి. అలా చూసుకున్నందుకు ఆమెకు ప్రతి నెలా విడిగా పారితోషికం ఇవ్వాలి.