ఆ తల్లి ఏం చేసింది?

పోయిన నెల ఈ శీర్షికలో బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’ ఊసెత్తిన దగ్గరనుంచీ మా పోస్టుమానుకు పని ఎక్కువైంది. వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయి. దయానిధి తల్లి నిజంగా తప్పు చేసిందా, లేదా?

కాకినాడనుంచి ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారు, చేసిందనే తీర్పు చెప్పారు. నిప్పు లేనిదే పొగ రాదట. సంగతి విప్పి చెప్పకపోవడం రచయిత పిరికితనమట. తాడేపల్లిగూడెం ఇల్లాలొకరు ఆయనకు తెలియకుండానే జవాబు రాశారు: “అరుగులమీద అల్లిన కథ పట్టుకుని, పోయిన మనిషిని మళ్ళీ బోనెక్కిస్తారేమండీ?” మా కాలేజీ కుర్రాళ్ళయితే హామ్లెట్‌నూ ఫ్రాయిడ్‌నూ లాక్కొచ్చారు. అదీ కొత్తేమీ కాదు. విమర్శకులు ఎప్పటినుంచో అంటున్నదే.

ఈ నవల 1946-47లో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వచ్చింది. మొదట అనుకున్న పేరు ‘ఏకాంతం’. ఆ పేరే ఉంచేసివుంటే ఈ తగాదా సగం తగ్గేదేమో! 1916లో ఏలూరులో పుట్టినాయనకు మన ఊళ్ళ సంగతి ఒకరు చెప్పాలా? ఇక్కడ కబురు కాలవనీళ్ళలాంటిది. ఒక తూము మూస్తే ఇంకో బోదెలోంచి వస్తుంది. తల్లి ఏం చేసిందో ఆయన ఎక్కడా కళ్ళకు కట్టించరు. జనం ఏమనుకుంటున్నారో మాత్రం వినిపిస్తూనే ఉంటారు. కొడుకు మోసేది దాన్నే. డాక్టరై పదిమందికి వైద్యం చేస్తాడు గాని, కోమలి, ఇందిర, అమృతం, ఎవరి దగ్గరా మనసు నిలవదు. కోస్తా వదిలి రాయలసీమ పోయినా ఆ మాట వెంటే పోతుంది. ఆవిడ నిర్దోషి అని ఏ ఆఖరి ప్రకరణంలోనో రుజువైతే ఇతనికి నయమయ్యేదా? నాకు నమ్మకం లేదు. దెబ్బ తగిలింది పసితనంలో, చెవుల్లోంచి.

హెడ్మాస్టరుగారు నిజం తేలాలంటున్నారు. ఆ ఊరివాళ్ళకు కావలసిందీ అదేగా!

సంతకం లేని ఉత్తరం ఒకటి వచ్చింది. నాలుగు వాక్యాలు. “నేను బడికి పోతుంటే అరుగులమీద మాటలు ఆగిపోయేవి. నేను దాటాక మళ్ళీ మొదలయ్యేవి. అమ్మ పోయి ముప్ఫయ్యేళ్ళయింది. ఆవిణ్ణి నేనెన్నడూ ఏమీ అడగలేదు.”

పేరు లేదు గనకనే ఇక్కడ అచ్చు వేయిస్తున్నాను. కవరుమీద పోస్టు ముద్ర ఉంది. ఏ ఊరిదో చెప్పను.